ఖాళీ డబ్బీకి తూకమెందుకు

అలా కాదు మనవరాలా, నువ్వు విన్నది మీ నాన్న చెప్పే కథ. అందులో మీ తాత తలకి రంగేసుకుంటాడు, ఆ రంగు మట్టిలో రాలుతుంది, సముద్రం అడుగున అగ్నిపర్వతంలో సీసం దొరికిందని పెద్దసారు చంకలు గుద్దుకుంటాడు, చివరికి అందరూ పకపకా నవ్వుతారు. బాగానే ఉంటుంది. భోజనాల దగ్గర మీ నాన్న తన జుట్టు సవరించుకుంటూ ఆ కథ చెప్పినప్పుడల్లా నేనూ నవ్వాను. రేపు వాడి రిటైర్మెంటు సభలో అదే చదివి నవ్విద్దామని నువ్వు కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చావు.

సరే. కానీ ఈసారి నేను చెప్పేది రాయి. నేను మెల్లిగా చెప్తాను, నాకంటే ముందు పరిగెత్తకు. చిన్నతాతకి చదవడం రాదుగదా అని అందంగా మార్చకు.

మేం ముగ్గురం ఒకే ల్యాబులో ఉండేవాళ్ళం. మీ తాత, అంటే మా అన్నయ్య, తూకం గది. మీ నాన్న మిషను గది. నేను కడుగుడు గది. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి, వాళ్ళింట్లోనే వెనకగదిలో ఉండేవాణ్ణి.

నడిసముద్రంలో, నీళ్ళ అడుగున, నిప్పులు కక్కే కొండలున్నాయి. ఓడవాళ్ళు ఆ కొండల పక్కన పొడుగాటి గొట్టాలు దింపి, మట్టిని గొట్టంతో సహా పైకి లాగి మాకు తెచ్చేవాళ్ళు. గొట్టాన్ని నిలువునా కోస్తే లోపల మట్టి పొరలు పొరలుగా కనపడేది. బూడిదరంగు, పసుపు, మళ్ళీ బూడిదరంగు, మధ్యలో ఎక్కడో సన్నగా ఒక నల్లగీత. నల్లగీత ఉందంటే అప్పట్లో కొండ పేలి బూడిద పడిందని అర్థం. వాసన మాత్రం కుళ్ళిన గుడ్డు వాసనే. అది మా బట్టలకీ, పడకలకీ పట్టేసేది. "మీ అన్నదమ్ములు వీధి మలుపు తిరగ్గానే నాకు తెలిసిపోతుంది" అనేది మా వదిన, అంటే మీ నానమ్మ. "నాకు గడియారం ఎందుకు, ముక్కుంటే చాలు."

ఆ మట్టిలో బోలెడు ఉండేవాటితో మా ల్యాబు పెద్దసారుకి పనిలేదు. ఉందో లేదో అన్నంత లేశంగా ఉండేవి కావాలి ఆయనకి. గదినిండా బియ్యం పోసి, ఒక్క గింజకి రంగేసి, ఆ గింజ ఎక్కడుందో చెప్పమన్నట్టు. అందుకే అంత మడి. ఉంగరం పెట్టుకోకూడదు. మొహానికి పౌడరు రాసుకోకూడదు. తెల్లటోపీ లేకుండా గడప దాటకూడదు. మట్టిని ప్లాస్టిక్ చెంచాతో తీసి, ఆరబెట్టి, రాతి కల్వంలో నూరి మీ తాత దగ్గరికి పంపేవాళ్ళు. గాజుపెట్టెలో త్రాసు ఉండేది. ఆయన ఊపిరి బిగబట్టి, చిటికెడు తూచి, డబ్బీలో వేసేవాడు. ఊపిరి వదిలితే ముల్లు కదిలిపోయేది. డబ్బీలో ఆసిడ్ పోసి ఉడికిస్తే మట్టి కరిగి నీళ్ళయ్యేది. ఆ నీళ్ళని మీ నాన్న మిషన్లో చుక్క చుక్కగా కాల్చి ఏది ఎంతుందో చెప్పేవాడు. ఆ తర్వాత డబ్బీలన్నీ కడగడానికి నా దగ్గరికొచ్చేవి.

మీ తాతని అందరూ త్రాసు అనే పిలిచేవాళ్ళు. ఆయనకి ఆ పేరంటే ఇష్టం.

ఆ ఎండాకాలం ఓడ వచ్చింది. గొట్టాలు దింపిన రోజే పెద్దసారు మమ్మల్నందర్నీ నడవలో నిలబెట్టాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. కోపం వచ్చేకొద్దీ గొంతు మెత్తబడేది.

"ఈ మట్టి అయ్యేదాకా అందరూ ఉంటారు" అన్నాడు. "వానలు మొదలయ్యేసరికి పర్మినెంటు పోస్టులు వేస్తున్నాం. ఒక్కో ఇంటి నుంచి ఒక్కరికే. చుట్టాలతో నింపడానికి ఇదేం పెళ్ళిపందిరి కాదు."

ఎవరో నా వైపు చూపించి, "మరి ఆ ఇంటి నుంచి ముగ్గురున్నారు సార్" అన్నారు.

"కడిగేవాణ్ణి లెక్కెయ్యకండి. బకెట్లూ చీపుళ్ళూ ఉన్నట్టు వాడూ ఉంటాడు." అని, మీ తాత దగ్గరికొచ్చి ఆగాడు. "త్రాసుగారూ, ఏంటి, తలమీద వెన్నెల కాస్తోంది? ఒక్క తెల్లవెంట్రుక రాలిందంటే నా అగ్నిపర్వతం ముసలిదైపోతుంది సుమండీ!"

అందరూ నవ్వారు. మీ తాతా నవ్వాడు. మీ నాన్న మాత్రం నవ్వలేదు, అది నిజం. రాయి.

రాత్రి భోజనాల దగ్గర అదే గొడవ. అప్పుడు నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. మీ అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"తండ్రీకొడుకుల్లో ఒకరేనట" అంది వదిన. "కొడుక్కి బిడ్డ పుట్టబోతుంటే, వాడితో పోటీకి నువ్వు నిలబడతావా? సిగ్గనేది ఉందా?"

"పోటీ ఏంటే? వాడు కుర్రాడు, నాలుగుచోట్ల అడుగుతాడు. ఎక్కడైనా రమ్మంటారు. ఈ తల చూసి నన్నెవరు గుమ్మం ఎక్కనిస్తారు?" అన్నాడు అన్నయ్య. కంచం లోపలికి చూస్తూ మళ్ళీ అన్నాడు. "నాకు ఆ త్రాసు తప్ప ఏమొచ్చు?"

మీ నాన్న చెయ్యి కడుక్కుని లేచాడు.

తర్వాత రెండుమూడు రోజులకి ఒక రంగు బుడ్డి తెచ్చాడు. "నాన్నా, ఇది రోజూ కొంచెం చేత్తో రాసి దువ్వుకో. ఒకేసారి నల్లబడదు, మెల్లిమెల్లిగా నల్లబడుతుంది. ఎవరికీ అనుమానం రాదు. పెద్దసారు నోరు మూతపడుతుంది" అన్నాడు.

దాని వాసన కూడా కుళ్ళిన గుడ్డు వాసనే, పైన గులాబీ సెంటు చల్లినట్టు. మా ఇంట్లో ఒక కుళ్ళు వాసన పెరిగితే ఎవరికి తెలుస్తుంది!

అన్నయ్య ఆ బుడ్డిని నాకు చూపించడానికి వెనకగదికి వచ్చాడు. "చూశావట్రా? వాడు నాకు కొనిచ్చిన మొదటి వస్తువిది" అన్నాడు. బుడ్డిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు, గాజుపెట్టెలో ముల్లు చూసినట్టు.

మొదటి బుడ్డి ప్రేమతోనే తెచ్చాడు. అది కూడా రాయి. నేను అన్యాయంగా మాట్లాడను.

నెల తిరక్కుండా ఆయన తల నల్లబడింది. వదిన ఊరుకుంటుందా! "పెళ్ళికొడుకా, ముహూర్తం ఎప్పుడు? నన్ను పిలుస్తావా, వంటకి రమ్మంటావా?" అనేది. ఆయన దువ్వెన జేబులో పెట్టుకుని, సిగ్గుపడుతూ బయటపడేవాడు. పెద్దసారు కూడా ఒకరోజు ఆగి చూసి, "బావుంది, బావుంది" అని వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నయ్య ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

ఒక్కటే ఇబ్బంది. టోపీ పెట్టుకుంటే చెమటపట్టి, టోపీ అంచు మీద నల్లటి చార పడేది. ల్యాబు టోపీలన్నీ ఉతికేది నేనే. "నాది నేను ఉతుక్కుంటాలేరా" అన్నాడు ఒకరోజు. ఆ తర్వాత తూకం గదిలోకి వెళ్ళి తలుపేసుకోగానే టోపీ తీసి కొక్కేనికి తగిలించేవాడు. బయటికొచ్చేటప్పుడు మళ్ళీ పెట్టుకునేవాడు. ఒక్కో తూకం అయ్యాక బిగబట్టిన ఊపిరి వదిలి, అరచేత్తో ఒకసారి జుట్టు నిమురుకునేవాడు. గాజు కిటికీలోంచి నేను చూసేవాణ్ణి. ఎన్నాళ్ళకో ముచ్చటపడుతున్నాడులే అనుకున్నాను.

ఆ రంగులో సీసం ఉందని నాకేం తెలుసు? ఆయనకేం తెలుసు?

మట్టిలో సీసం కనపడటం మొదలైంది. ముందు కొంచెం. తర్వాత ఇంకొంచెం. అన్నయ్య తల నల్లబడేకొద్దీ మట్టిలో సీసం పెరిగింది. పెద్దసారు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. ఆ కొండ కింది నుంచి వేడినీళ్ళు సీసాన్ని మోసుకొచ్చాయని, ఇంతవరకూ ఎవరూ చూడలేదని, పేపరువాళ్ళని పిలిచాడు, ఫోటోలు దిగాడు, ఎక్కడెక్కడికో వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

మరి తప్పు ఎలా దొరకలేదంటావా? అక్కడే ఉంది మా తెలివి. ప్రతి వరసలో మట్టి లేని ఖాళీ డబ్బీ ఒకటి పెట్టేవాళ్ళం. మట్టి డబ్బీకి చేసిన పనులన్నీ దానికీ చెయ్యాలి. చివర్లో మిషన్లో కాలిస్తే అందులో ఏమీ ఉండకూడదు. ఏదైనా ఉందంటే మనలో ఎవరి చెయ్యో మురికిగా ఉందని లెక్క. కానీ ఆ ఖాళీ డబ్బీ నా దగ్గర కడిగిన చోటు నుంచి నేరుగా ఆసిడ్ గదికి వెళ్ళేది. తూకం గదికి వెళ్ళేది కాదు. అందులో ఏముందని తూచాలి? ఎన్నో ఏళ్ళుగా అంతే. పెద్ద చదువులు చదివినవాళ్ళకీ తట్టలేదు, మాకూ తట్టలేదు. అందుకని ఖాళీ డబ్బీ ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది, మట్టి డబ్బీలో సీసం ఉండేది. ఇంకేం, సీసం మట్టిదే అనుకున్నారు.

ఇప్పుడు చెప్పేది సరిగ్గా రాసుకో.

ఒక మధ్యాహ్నం నేను డబ్బీలు కడుగుతున్నాను. నీలం మూత డబ్బీ ఒకటి వచ్చింది. నీలం మూతలు మిషను గదివి. మూత తియ్యగానే గుడ్డు వాసన. అది మామూలే. కానీ దాని మీద గులాబీ సెంటు. సముద్రం అడుగున గులాబీలు ఎక్కడ పూస్తాయి? మళ్ళీ వాసన చూశాను. అన్నయ్య తల వాసన.

డబ్బీ పట్టుకుని మిషను గదికి వెళ్ళాను. "ఏంట్రా ఇది?" అన్నాను మీ నాన్నతో.

వాడు డబ్బీ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "బాబాయ్, మిషను గది డబ్బీలు వాసన చూడకు. ఏవేవో ఆసిడ్లుంటాయి. ముక్కు కాలిపోతుంది, నీ మంచికే చెప్తున్నా" అన్నాడు. అని, నా చేతిలోంచి తీసుకుని, కుళాయి కింద వాడే కడిగేశాడు. అంతకుముందెప్పుడూ వాడు మంచినీళ్ళ గ్లాసు కూడా కడగలేదు. బాబాయ్ మీద ఎంత దయ అనుకున్నాను.

ఆ వారంలోనే వాడు రెండో బుడ్డి తెచ్చాడు. మొదటిదానికంటే పెద్దది.

"అది అయిపోవచ్చిందిగా నాన్నా. మధ్యలో ఆపితే మళ్ళీ తెల్లబడుతుంది. ఇప్పుడే పోస్టులు చూస్తారు" అన్నాడు.

"ఎందుకురా ఇంత పెద్దది!" అన్నాడు అన్నయ్య, రెండు చేతులా అందుకుంటూ.

కలం ఎందుకాగింది? రాయి. ముందే చెప్పానుగా, నేను చెప్పిందే రాయాలని.

వానలకి ముందు, గాలి ఆడకుండా ఉక్కపోసే రోజుల్లో, ఇంకో ల్యాబు నుంచి కబురొచ్చింది. అవే గొట్టాల్లోంచి సగం మట్టి వాళ్ళకీ వెళ్ళింది. వాళ్ళ మట్టిలో సీసం లేదు. పెద్దసారు మమ్మల్ని మళ్ళీ నడవలో నిలబెట్టాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే వెనకవాళ్ళు చెవులు రిక్కించారు.

"మన మట్టిలో సీసం ఉంది. అదే మట్టి వాళ్ళ దగ్గర సీసం లేకుండా ఉంది. దారిలో దొంగలుపడ్డారంటారా?"

ఎవరూ నవ్వలేదు. మీ నాన్న చెయ్యెత్తాడు.

"సార్, ఖాళీ డబ్బీని మనం ఎప్పుడూ తూకం గదికి పంపలేదు. ఈసారి పంపి చూద్దాం."

అన్నయ్యకి ఏమీ అర్థం కాలేదు. నవ్వుతూ, "ఖాళీ డబ్బీకి తూకమెందుకురా బాబూ?" అన్నాడు. ఆ మాట నిజమే కదా అన్నట్టు నలుగురు నవ్వారు.

"చూద్దాం" అన్నాడు పెద్దసారు.

ఖాళీ డబ్బీ మూత తీసి ఒక పూటంతా తూకం గదిలో ఉంచారు. మిషన్లో కాల్చారు. సీసం.

నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు ఎవరి ఒంటి నుంచి అన్నది తేలాలి. "అందరి తలలూ చూద్దాం సార్" అన్నాడు మీ నాన్న. అందరినీ టోపీలు తీయించి వరసలో నిలబెట్టారు. తడిపిన దూదితో ఒక్కొక్కరి జుట్టు తుడిచి, ఆ దూదిని డబ్బీలో వేశారు. నా దూది తెల్లగా ఉంది. కల్వంలో మట్టి నూరే ఆవిడ దూది తెల్లగా ఉంది. అన్నయ్య దూది మసిగుడ్డలా అయింది. తుడిచిన మనిషి అది పైకెత్తి అందరికీ చూపించాడు.

మిషను గదిలో అందరం నిలబడ్డాం. మీ నాన్న ఒక్కో డబ్బీ కాల్చి, గట్టిగా చదివాడు.

"కడుగుడు గది, లేదు. కల్వం గది, లేదు. ఆసిడ్ గది, లేదు."

తర్వాతది పెట్టాడు. సీసం ఎంతుంటే అంత పైకి గీత గీసే మిషను పెన్ను కాగితం అంచు దాటి పోయింది.

"తూకం గది. కొలతకి అందడంలేదు సార్. పలచన చెయ్యాలి."

చేతి పక్కనే నీళ్ళు పోసిన మూడు డబ్బీలు సిద్ధంగా ఉన్నాయి. మొదటిదాంట్లో చుక్క వేసి, అందులోంచి చుక్క తీసి రెండోదాంట్లో, అక్కణ్ణుంచి మూడోదాంట్లో వేశాడు. మూడోది కాల్చాడు. పెన్ను కాగితం మధ్యకి సరిగ్గా వచ్చి ఆగింది. అంకె చదివాడు. ఆసిడ్ గదికి లేదని ఎలా చదివాడో ఇదీ అలాగే చదివాడు.

"త్రాసుగారూ" అన్నాడు పెద్దసారు. "నేను ఊరూరా తిరిగి చెప్పొచ్చిన అగ్నిపర్వతం మీ నెత్తిన ఉందన్నమాట."

అప్పుడు నవ్వారు. ఎండాకాలమంతా పడిన చాకిరీ మట్టిలో కలిసిపోయిందన్న కచ్చ కూడా ఆ నవ్వులో ఉంది. కల్వం ఆవిడ నవ్వలేదు. తన రెండు అరచేతులూ ఆయన మొహం ముందు పెట్టింది. "చూడు. నూరి నూరి బొబ్బలు. నీ సోకు కోసమా ఇదంతా? ముసలాడికి ఏం పోయేకాలం?"

"రంగు ఎవరిచ్చారు?" అన్నాడు పెద్దసారు.

"నేనే కొనుక్కున్నానండీ" అన్నాడు అన్నయ్య. వెంటనే అన్నాడు. కొడుకు వైపు కన్ను కూడా తిప్పలేదు. మీ నాన్న ఆ అంకె కింద స్కేలు పెట్టి గీత గీస్తున్నాడు.

పెద్దసారు వెళ్ళి మీ నాన్న భుజం మీద చెయ్యేశాడు. "తండ్రి అని కూడా చూడలేదు. నాకు ఇలాంటివాడు కావాలి." తర్వాత తూకం గది కొక్కేనికున్న టోపీ తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టాడు. "ఇది మీరే పట్టుకెళ్ళండి. ఇక్కడ ఇంకెవరికీ పనికిరాదు."

ఆయన ఆ టోపీని మడతపెట్టి, దువ్వెన ఉన్న జేబులోనే పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు. నేను సాయంత్రం దాకా డబ్బీలు కడిగాను. నన్ను లెక్కెయ్యలేదుగా, నా పని ఉంది.

ఆ రాత్రి వదిన మీ నాన్నకి ముందు వడ్డించింది. అన్నయ్య కంచం జరిపితే, "నీకేం తొందర? రేపు నువ్వెక్కడికీ పరిగెత్తక్కర్లేదుగా" అంది.

"ఏం చెయ్యమంటావమ్మా" అన్నాడు మీ నాన్న, అన్నం కలుపుకుంటూ. "మిషను అబద్ధం చెప్పదు."

"నిన్నెవరన్నారురా? నీ తప్పేముంది?" అన్నాడు అన్నయ్య. "పప్పు వేసుకో."

భోజనాలయ్యాక వెనకగదికి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. చేతిలో రెండో బుడ్డి. అరచేతిలో వంపుకుని తలకి రాసుకోవడం మొదలుపెట్టాడు. గులాబీ వాసన రాగానే నాకు నీలం మూత డబ్బీ గుర్తొచ్చింది. కుళాయి కింద ఆ డబ్బీ కడుగుతున్న వాడి చేతులు గుర్తొచ్చాయి.

"అన్నయ్యా, వాడికి ముందే తెలుసు. ఈ రంగు మిషన్లో వేసి చూశాడు. చూశాకే నీకు ఈ బుడ్డి తెచ్చిచ్చాడు" అన్నాను.

"గట్టిగా అనకు. కోడలు వింటుంది" అన్నాడు.

"నీకు తెలుసా?"

"ఇవాళే తెలిసింది." దువ్వెన తీశాడు. "పలచన చేశాడు చూశావా? కొత్త నీళ్ళని మొదటిసారి చేసేవాడికి ఎంత పలచన చెయ్యాలో తెలీదు. ఒకసారి చేసి చూస్తాడు, ఎక్కువైతే మళ్ళీ చేస్తాడు, తడుముకుంటాడు. వాడు తడుముకోలేదురా. నా తలకి ఎన్ని నీళ్ళు కావాలో వాడికి ముందే తెలుసు."

ఆయన దువ్వుకుంటూనే ఉన్నాడు.

"మరి ఇంకా ఎందుకు రాసుకుంటున్నావు ఆ దరిద్రాన్ని? అవతల పారెయ్!"

"ఇంకా సగం పైన ఉందిరా. ఇవాళే మానేశాననుకో, నాకు తెలిసిపోయిందని వాడికి తెలుస్తుంది. ఇంక నా మొహం చూడలేడు." బుడ్డికి మూత బిగించి, బిగిసిందో లేదో తిప్పి చూసుకున్నాడు. "వాడు ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నువ్వు నోరు విప్పకు. ఆ తర్వాత నీ ఇష్టం."

నా చేత మాట తీసుకున్నాకే లేచాడు.

వానలు పడ్డాయి. మీ నాన్న పోస్టు పర్మినెంటయింది. ఖాళీ డబ్బీ తప్పనిసరిగా తూకం గదికి వెళ్ళాలన్న నియమం పెట్టారు, దాన్ని కనిపెట్టింది వాడేనని పెద్దసారు పదిమందిలో మెచ్చుకున్నాడు. వాడు పైకి రావడమంతా అక్కణ్ణుంచే. నువ్వు పుట్టావు. ఇల్లంతా సంబరం.

అన్నయ్య ఉద్యోగానికి రెండుచోట్లకి వెళ్ళాడు. నల్లటి తలతోనే వెళ్ళాడు. ఆయన పేరు ఆయనకంటే ముందే వెళ్ళింది. "ఓహో, సీసం మీరేనా?" అన్నారట ఒకచోట, కుర్చీ చూపించి, టీ ఇచ్చి, పక్కగదివాళ్ళని కూడా పిలిచి చూపించి, పంపేశారట. ఇంక వెళ్ళలేదు. నా సైకిలు చప్పుడుకి గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ ఏ పొర నడుస్తోందిరా?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. తల ఊపేవాడు. గాలిలో కుడిచెయ్యి చిటికెడు పట్టినట్టు ఆడుతుండేది.

రెండో బుడ్డి చివరి చుక్కదాకా రాసుకున్నాడు. ఖాళీ బుడ్డి అందరికీ కనపడేలా కిటికీలో పెట్టాడు. మూడోది తెస్తాడేమోనని చూశాడో, తేడని చూశాడో నాకు తెలీదు. వాడు తేలేదు. ఇంక అవసరం ఏముంది?

కుదుళ్ళ దగ్గర తెలుపు మొదలైంది. తెలుపు పెరిగేకొద్దీ నలుపు చివరలకి జరిగింది. గొట్టం కోసినప్పుడు మట్టిలో నల్లగీత కనపడుతుందే, అచ్చం అలాగే ఉండేది ఆయన తల. కొండ పేలిన కాలం అక్కడ దాకా అన్నట్టు. ఒకరోజు మంగలి వచ్చి ఆ నలుపంతా కత్తిరించేశాడు. నేలమీద రాలినదాన్ని అన్నయ్యే ఊడ్చి ఎత్తాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "పిల్ల పాకుతూ నోట్లో పెట్టుకుంటుంది, సీసం" అన్నాడు. ఆ పిల్లవి నువ్వే.

తర్వాత చాలా ఏళ్ళు బతికాడు మీ తాత. నిన్ను భుజాన వేసుకుని తిప్పాడు, నువ్వు ఆ తెల్లజుట్టు పట్టుకుని పీకేదానివి. చుట్టాలొస్తే మీ నాన్న భోజనాల దగ్గర ఈ కథ ఎత్తేవాడు. అన్నయ్య అక్కడే కూర్చుని వినేవాడు. అగ్నిపర్వతం నెత్తినుందన్న చోట అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు. ఒక్కోసారి మీ నాన్న ఏదైనా మర్చిపోతే, "ఖాళీ డబ్బీకి తూకమెందుకని నేనన్నాను కదరా, అది చెప్పలేదేం?" అని అందించేవాడు కూడా. మీ నాన్న దాన్నీ కలుపుకుని చెప్పేవాడు. పోయే ముందు రోజు కూడా వాడు మందు కొలిచి పోస్తుంటే, "నీ చెయ్యి తడబడదురా" అన్నాడు. మెచ్చుకున్నాడని వాడు అందరికీ చెప్పుకున్నాడు.

ఇంతే. రేపు సాయంత్రంతో మీ నాన్న ఉద్యోగం అయిపోతుంది. అక్కడితో నేనిచ్చిన మాటకూడా అయిపోతుంది.

ఏడవకు. కాగితం తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు. సభలో చదవక్కర్లేదు. అక్కడ దండలు, చప్పట్లు, వాడికి వినపడదు. ఎల్లుండి పొద్దున చదువు. ఈమధ్య వాడూ తలకి రంగేస్తున్నాడుగా? మెడకి తువ్వాలు చుట్టుకుని, రంగు పట్టించి, ఆరేదాకా కదలకుండా అద్దం ముందు కూర్చుంటాడు. అప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. నేను చెప్పినంత మెల్లిగా, రెండో బుడ్డి దగ్గర ఇంకా మెల్లిగా, ఇది మొత్తం మీ నాన్నకి చదివి వినిపించు.